ముక్క కాదు, జాకెట్టే పెడతాను

మా ఇంట్లో ఇనప బీరువా కింది అర నిండా జాకెట్టు ముక్కలే. పేరంటాల్లో, గృహప్రవేశాల్లో, ఒడిబియ్యం నాడు, వ్రతాల్లో ఎవరెవరో బొట్టు పెట్టి నా చేతిలో పెట్టినవి. ఒక్కటీ నేను కొన్నది కాదు, ఒక్కటీ కుట్టుకున్నది కాదు. అందులో వింతేముందని అంటారేమో. నేను జాకెట్లు కుట్టేదాన్ని. మేడ్చల్ పాత ఊళ్లో ఒక సందులో మా ఇంటి ముందు గదే నా దుకాణం. ఇరవై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కల ఆడవాళ్ల జాకెట్లన్నీ నా మిషన్ కిందుగా పోయినవే. కుట్టేదాని ఇంట్లోనే ముక్కలు అలా మూలుగుతుంటే మిగతా ఇళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఆ ముక్కలు కుట్టుకోవడానికి తయారైనవి కావు, ఇవ్వడానికి తయారైనవి. పన్నా, అంటే వెడల్పు, చిన్నది, పొడవు తక్కువ. వీపుకు తీస్తే చేతులకు చాలదు. కాస్త ఒళ్లున్న మనిషికైతే ముందు భాగానికే చాలదు. ఒక్క ఉతుకుకు రంగంతా బకెట్లోకి దిగుతుంది. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క ప్లాస్టిక్ కవరు. ఆ కవరు ఎవరూ విప్పరు. ఈ ఇంట్లో తీసుకున్నది ఆ ఇంట్లో ఇచ్చేస్తారు, ఆ ఇంటివాళ్లు ఇంకో ఇంట్లో ఇచ్చేస్తారు. చాలని ముక్క చేతికొస్తే అంచు మీద సుద్దతో చిన్న ఇంటూ గీయడం నాకు అలవాటు. ఒకసారి అలా గీసిన వంగపండు రంగు ముక్కను దూలపల్లిలో ఒక పేరంటంలో ఇచ్చి వచ్చాను. కొన్నేళ్లకు కుత్బుల్లాపూర్‌లో ఒక గృహప్రవేశంలో అదే ముక్క, అదే కవరు, అదే ఇంటూ గుర్తుతో నా ఒళ్లోకి వచ్చిపడింది. ముందు పగలబడి నవ్వాను. ఇంటికొచ్చి బీరువా తెరిచేసరికి ఒళ్లు మండింది.

ఇంతమంది ఇంత భక్తిగా బొట్టు పెట్టి, గంధం రాసి, ఎవరికీ అక్కర్లేని దాన్ని చేతులు మారుస్తున్నాం. ఎక్కడో మగ్గం ఆడింది, ఎక్కడో రంగునీళ్లు వాగులో కలిశాయి, చివరికి అదంతా మా బీరువాలో కవరులో కూర్చుంది. ఇక మీదట కుట్టని ముక్క నా చేతి మీదుగా ఎవరి ఒళ్లోకీ వెళ్లదు అనుకున్నాను. నేను అనుకున్నానంటే అనుకున్నదే. మా ఇంట్లో అందరూ నన్ను మొండిది అంటారు. మొండిదాన్నే.

మా అమ్మాయికి ఏడో నెల వచ్చింది. శ్రీమంతం మా ఇంట్లోనే చేయాలి. వచ్చిన ముత్తైదువులకు గాజులు, ఆకు వక్క, పండు, జాకెట్టు ముక్క పెట్టి పంపాలి. ఈమధ్య దాని మీద ఇంకొకటి తోడైంది. రిటర్న్ గిఫ్ట్ అని ఏదో ఒక డబ్బా. మా అమ్మాయి ఫోన్‌లో ఒక సెట్టు చూపించింది. ఒకదానిలో ఒకటి పట్టే ప్లాస్టిక్ డబ్బాలు. మూత మీద దంపతుల ఫొటో అచ్చు వేసి ఇస్తారట.

"నీ అల్లుని ఫొటో సుత వస్తదమ్మా. మస్తుంటది" అంది.

"నీ మొగని మొఖం మీదికెళ్లి మూత తీసి మంది పప్పులు వోసుకుంటరానే? రెండు నెలలకు మూత వగిలి చెత్త బండిలకు వోతది నీ మొగని మొఖం."

మూతి ముడుచుకుంది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి ఏమిస్తవ్?"

"జాకెట్లు. కుట్టిన జాకెట్లు. ఎవరి కొలత వాళ్లకు."

లెక్క నాకు స్పష్టంగా ఉంది. ముక్క అయితే ఎవరికైనా ఇచ్చేయొచ్చు. కొలత పెట్టి కుట్టిన జాకెట్టు ఆ ఒక్క మనిషికే పడుతుంది, వేసుకోక తప్పదు. బట్ట కొననక్కర్లేదు, బీరువా నిండా ఉంది. ఒక ముక్క చాలకపోతే రెండు కలుపుతాను. ఒంటికొక రంగు, చేతులకొక రంగు. లోపలి లైనింగుకు పాత నూలు చీరలున్నాయి. ఒంటికి అంతకంటే మెత్తనిది బజారులో దొరకదు. నా రెండు చేతులున్నాయి, మిషనుంది. ఇంకేం కావాలి?

షామీర్‌పేట నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది. మా అమ్మాయి అప్పటికే ఊదేసినట్టుంది. "కత్తెర వడ్డ బట్ట ఒళ్లె వెడ్తరా ఎక్కడన్న? పెట్టే గుడ్డ అంటే నిండుగ ఉండాలె. మా దిక్కు గట్ల లేదు" అంది.

"మీ దిక్కు లేదు, మా దిక్కు లేదు. ఇగ ఉంటది" అన్నాను. "ప్రతి జాకెట్టుకు అంచుకు పసుపు వెడ్త, ఆకు వక్క వెడ్త, బొట్టు వెట్టి ఇస్త. కత్తెర తప్పయితే మీరు ఒంటి మీద ఏసుకున్నదేంది మరి?"

"మీ ఇష్టం" అంది. ఏ గొంతుతో అందో వేరే చెప్పనక్కర్లేదు. నేను మాత్రం పైకి వినిపించిన మాటనే పట్టుకుని పనిలో దిగాను.

నా పంతం వెనక ఇంకొక సంగతి ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా వదిన సంగతి.

సొంత వదిన కాదు. గుంటూరు వైపు మనిషి. భర్త ఉద్యోగం కోసం ఇటు వచ్చి, మా ఇంట్లోనే పై వాటాలో అద్దెకు దిగారు. నేను అప్పుడే కుత్బుల్లాపూర్‌లో యూనిఫారాలు కుట్టే కంపెనీ మానేసి ఇంట్లో మిషన్ పెట్టుకున్నాను. జాకెట్టు కుట్టడం సరిగ్గా రాదు. కంపెనీలో చొక్కాల కాలర్లు తప్ప ఇంకేం కుట్టలేదు మరి. నమ్మి పట్టు జాకెట్టు నా చేతిలో పెట్టిన మొదటి మనిషి ఆమె. "పాడైతే పాడైంది వదినా, నేర్చుకో" అంది. ఆ రోజు నుంచి ఆమెకు నేను వదిన, నాకు ఆమె వదిన. తర్వాత హైవే అవతల కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. వెళ్లినా పండగ పండగకీ బట్ట పట్టుకుని వచ్చేది. జాకెట్టు ఒక వంక. వచ్చి మిషన్ ఎదుట స్టూలు మీద కూర్చుంటే మధ్యాహ్నమంతా మాటలే.

పోయినేడు విజయవాడలో చెల్లెలి దగ్గరికి వెళ్లింది. అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్లింది. చాలా నెలలుంది అక్కడ. తిరిగొచ్చాక మా గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేసేది. కొంపల్లిలో ఏదో బొటీక్‌లో రెడీమేడ్ జాకెట్లు కొంటుండగా చూశామని ఒకరు చెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఏడుపు కూడా వచ్చింది. నాకు ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి. ఏం తప్పు చేశానో తెలియదు, అడిగితే చెప్పదు. ముక్క ఇస్తే తీసుకుని వెళ్లిపోతుంది. జాకెట్టు అయితే కొలత ఇవ్వడానికైనా దుకాణానికి రావాలి కదా. అది నా ఎత్తు. ఈ శ్రీమంతంతో ఆ మనిషిని మళ్లీ నా స్టూలు మీద కూర్చోబెట్టాలి. కూర్చోకపోతే ఇక ఆ స్నేహం అయిపోయినట్టే అని మనసులో తేల్చుకున్నాను.

పిలుపులు మొదలుపెట్టాను. బొట్టు పెట్టి పిలిచిన ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "ఆది జాకెట్ పంపుండ్రి." ఆది అంటే ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు. దాన్ని పెట్టి కొత్తది కోస్తాం. ఆది తెస్తే ఒంటి మీద టేపు పెట్టం, అది మా పనిలో మర్యాద. ఆడవాళ్లకూ అదే ఇష్టం. పెళ్లినాటి జాకెట్టు తెచ్చి, "గిదే నా కొలత, ఏం మారలే" అని ఒట్టు పెట్టినవాళ్లున్నారు. వాళ్ల నడుము నాకు కళ్లముందే కనిపిస్తుంటే ఆ ఆది పెట్టి ఏం కోయాలి? చెప్పకుండా కుట్టులో రెండు వేళ్ల వెడల్పు బట్ట వదిలాను.

మా వదిన ఇంటికి స్వయంగా వెళ్దామంటే ఆ రోజు ఇంట్లో ఉండనని చెప్పింది. ఫోన్‌లోనే పిలిచాను.

"తప్పకుండా వస్తాను వదినా. అమ్మాయి శ్రీమంతం, రాకుండా ఎలా ఉంటాను?" అంది. ఆది మాట ఎత్తేసరికి వెనక్కి తగ్గింది. "ఎందుకొచ్చిన శ్రమ వదినా? నాకు ముక్క ఇచ్చేయ్, చాలు."

"ముక్క ఇయ్య. ఎవ్వరికీ ఇయ్య. నువ్వొచ్చి కొలతన్న ఇయ్యి, ఆది అన్న తే."

"చూస్తాలే."

మర్నాడు ఆమె భర్త ఆఫీసుకు వెళ్తూ బండి ఆపి ఒక సంచి ఇచ్చి వెళ్లాడు. లోపల ఆది. చాలా ఏళ్ల కింద నేనే కుట్టిన జాకెట్టు. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంది. దాన్ని ముఖాన కొట్టినట్టే అనిపించింది నాకు. ఈ కాస్త దూరం రాలేకపోయింది, రోడ్డు దాటితే మా ఇల్లు.

అయినా కుట్టాను. రాలేదు కదా అని ముక్క పెట్టి పంపితే నేను ఓడినట్టు. ఆ బీరువా అంతా వెతికితే మంచి బట్ట ఒక్కటే దొరికింది, ఆకుపచ్చ పోచంపల్లి నూలు. అది ఆమెకే తీశాను. అందరివీ అయ్యాక, చివర్న, ఒక మధ్యాహ్నం పూర్తిగా కూర్చుని కుట్టాను. మెడకు సన్నని పైపింగు వేశాను, వీపున ఆమెకిష్టమైన కుండ మెడ తీశాను. ఆది పక్కన పెట్టి చూసుకుంటే అచ్చంగా దానికి తోబుట్టువులా ఉంది. హుక్కులు మా అమ్మాయి కుట్టింది, కాళ్లు చాపుకుని, కడుపు మీద జాకెట్టు ఆనించుకుని. "ఇగ నా కడుపు మిషన్ టేబులయింది" అని సణిగింది కానీ ఒక్క హుక్కూ వంకర పోలేదు.

శ్రీమంతం బాగా జరిగింది. గాజులు తొడిగారు, పాటలు పాడారు. ప్లేట్లో అరటిపండు, ఆకు వక్క, పసుపు అంటిన జాకెట్టు పెట్టి ఒక్కొక్కరికీ ఇస్తుంటే మొదట మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత ఒకామె లోపలి గదిలోకి వెళ్లి వేసుకుని వచ్చింది. ఇక చూడాలి. గది తలుపు ముందు వరస. లోపల నుంచి నవ్వులు, "నీది నాకు ఎక్కుతలేదే" అని కేకలు. అందరి జాకెట్లకూ చేతులు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు. కావాలనే అలా కుట్టించుకున్నట్టున్నారు. మా వియ్యపురాలు మాత్రం జాకెట్టును మడత విప్పకుండా సంచిలో పెట్టుకుంది. పది రోజులకు ఫోన్ చేసి, మెడ ఎంత లోతు పెట్టారని అడిగింది, ఇంకొకటి అలాగే కావాలట. నేను గెలిచానని అనలేదు. మా అమ్మాయితో మాత్రం అన్నాను.

మా వదిన వచ్చింది. చీర కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుని, వెనక గోడ పక్కన కూర్చుంది. మనిషి తగ్గింది. జుట్టు కురచగా, పలచగా ఉంది. తిరుపతి వెళ్లి వచ్చానంది. మా అమ్మాయికి గాజులు తొడిగి, బుగ్గలు నిమిరి, చాలాసేపు చేయి పట్టుకుని కూర్చుంది. నేను జాకెట్టు ఇస్తే రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. "నీ చేతి కుట్టే కుట్టు వదినా" అంది. వేసుకుని చూడమన్నాను. ఇంటికెళ్లి చూస్తానంది. నేను వడ్డనలో పడి తిరిగి చూసేసరికి వెళ్లిపోయింది. దుకాణం గది మీదుగానే వెళ్లి ఉంటుంది, స్టూలు అక్కడే ఉంది.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు మా సందు చివర ఉండే ఆమె దుకాణానికి వచ్చింది. హైవే అవతల కాలనీలో ఇళ్లలో పని చేస్తుంది. చేతిలో జాకెట్టు.

"గిది నాకు జరంత వదులైతాందక్కా. పక్కలకు పట్టియ్యి. బట్ట మస్తున్నది, కొత్తదే."

ఆకుపచ్చ పోచంపల్లి. సన్నని పైపింగు. కుండ మెడ.

"ఇదెక్కడిది?"

"గా ఆంధ్ర మేడం లేదా, కాలనీల? గామె ఇచ్చింది. తను ఏసుకోదంట."

ఆమె తప్పేమీ లేదు. రేపు రమ్మని పంపేశాను. పంపాక నా చేతులు ఆగలేదు. మిషన్ మీద ఉన్న బట్ట అలాగే వదిలేశాను. జాకెట్టు సంచిలో కుక్కుకుని బయటపడ్డాను. ఎర్రటి ఎండ. సర్వీసు రోడ్డు దాటి, వంతెన కింద నుంచి అవతలికి వెళ్లి, కాలనీ గేటు దాకా ఆగకుండా నడిచాను. ఏమేం అనాలో దారంతా కూడబలుక్కున్నాను. ముక్కలు పంచుకోవడం మానండర్రా అని ఊరందరికీ చెప్పాను కదా, కొలత పెట్టి కుట్టిన దాన్ని కూడా ముక్కలాగే చేతులు మార్చారే, అదీ ఎవరు, నా వదిన. కడిగేద్దామనే వెళ్లాను. ఇక ఈ మనిషితో తెగిపోయినా సరే అనుకుంటూ వెళ్లాను.

తలుపు ఆమే తీసింది. నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఉంది. నన్ను చూసి నవ్వింది. "మెడలో టేపుతోనే వచ్చేశావేంటి వదినా?" అంది.

అప్పుడు చూసుకున్నాను. టేపు మెడలో వేలాడుతూనే ఉంది. హైవే దాటి ఆ అవతారంతోనే వచ్చాను. ఆ నవ్వు నా కోపాన్ని ఇంకా పెంచింది. జాకెట్టు తీసి సోఫా మీద వేశాను.

"ఇది ఎవలకన్న ఇయ్యనీకే కుట్టిన్నా నేను? నచ్చకుంటే నచ్చలే అని చెప్పొద్దా? బొటీకుల కొనుక్కుంటున్నవంట గద. నా కుట్టు పాతగైందా? ఏం తప్పు జేసిన్నో చెప్పు. ఏడాదైతాంది, నా ఇంటి ముంగట కెళ్లి కారు వోతది గని దిగవ్. ఏంది వదినె, ఏంది నీ కథ?"

ఆమె తలుపు వేసింది. కిటికీ తెర లాగింది. సోఫా మీద ఆ జాకెట్టు పక్కనే కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"వేసుకున్నాను వదినా. శ్రీమంతం నుంచి వచ్చిన సాయంత్రమే వేసుకున్నాను. కుడిపక్క అతికినట్టు సరిపోయింది. ఎడమపక్క ఖాళీగా నిలబడింది."

"ఖాళీ ఏంది?"

తువ్వాలు పక్కకు తీసింది. నైటీ ఎడమవైపు పలకలా చదునుగా ఉంది.

"రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సరన్నారు. తీసేశారు. విజయవాడలోనే అంతా అయింది. మా అమ్మకేం కాలేదు, బానే ఉంది. జుట్టు కూడా తిరుపతిలో ఇవ్వలేదు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఒక్కటే అడిగాను. "నాకెందుకు చెప్పలే?"

"చెబితే ఏడుస్తావని. అది కాదులే, అది అబద్ధం." ఆమె జాకెట్టు అంచును వేళ్లతో సాఫు చేస్తూ ఉంది. "నా ఒంటి కొలత తెలిసినదానివి నువ్వొక్కదానివే వదినా. మా ఆయనక్కూడా అంత తెలీదు. తెలియనివాళ్ల ముందు ఎలా ఉన్నా పర్లేదు. నీ ముందు నిలబడాలంటే సిగ్గేసింది. అందుకే రెడీమేడ్‌లో పెద్దసైజు కొనుక్కుని, పైన కొంగు కప్పుకుని తిరుగుతున్నాను. నువ్వు ఆది అడిగావు. పాతదే పంపాను. నువ్వు నా పాత ఒంటికి కుట్టి ఇచ్చావు."

"మరి ఇచ్చేసినవెందుకు?"

"బీరువా తీసినప్పుడల్లా కనిపించేది. పారేయలేను. ఎవరో ఒకరు వేసుకుంటే బాగుండు అనిపించింది. అందరికీ ముక్కలు ఇచ్చి ఊరుకుంటే ఏ బాధా లేకపోయేది కదా. నేనూ ఎవరికో ఇచ్చేసేదాన్ని, నీకు తెలిసేదే కాదు."

అక్కడ నాకు ఏడుపు వచ్చింది. ఈసారి కోపం దాని వెంట రాలేదు. ఆమె లేచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. జబ్బు చేసిన మనిషి నాకు నీళ్లు తెచ్చి ఇవ్వడం ఏంటని ఇంకాస్త ఏడ్చాను. ఏడ్చినంత సేపు ఏడ్చి ముఖం తుడుచుకున్నాను. ఆమె చెప్పింది నిజమే, ముక్క అయితే ఎవరికీ నొప్పి లేదు. కానీ ముక్క అయితే ఇంకో ఇరవై ఏళ్లు ఆమె కొంగు కప్పుకుని వెనక గోడ పక్కన కూర్చునేది, నేను ఇంట్లో కూర్చుని ఆమెను తిట్టుకునేదాన్ని. ఇంత మంచి మనిషిని అలా పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను.

"లే. నిలబడు" అన్నాను.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆది గీది వద్దు. కొలత తీస్త."

ఆమె కదల్లేదు. నేను టేపు మెడలోంచి తీసి పట్టుకుని నిలబడ్డాను. నేను ఒకసారి అలా నిలబడ్డానంటే కదలనని ఆమెకు తెలుసు. చివరికి లేచింది, నైటీ భుజం మీద నుంచి దించింది. పొడుగ్గా మచ్చ, చంక దాకా. ఆమె గోడ వైపు చూస్తూ నిలబడింది. నేను చూశాను. చూడకుండా ఎలా కొలుస్తాను? కుడివైపు భుజం నుంచి కిందికి, ఎడమవైపు భుజం నుంచి కిందికి, విడివిడిగా. నా పనిలో ఒక మనిషికి రెండు పక్కలా వేర్వేరు కొలత తీయడం అదే మొదలు. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కంటే కాస్త లావుగా ఉంది. ఆపరేషన్ తర్వాత వాపు వస్తుంటుందని చెప్పింది. దాన్నీ వేరుగా కొలిచాను.

"లోపల సంచి లెక్క కుట్టి దూది నింపుత. పైకెళ్లి ఎవ్వలకు తెల్వది" అన్నాను.

"వద్దు." ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. "దూదులు, గుడ్డలు అన్నీ చూశాను. జారిపోతున్నాయేమోనని మనసంతా దాని మీదే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు కుట్టు వదినా. కుట్టగలవా?"

"కుడ్త" అన్నాను. ఎలా కుట్టాలో అప్పటికి తెలియదు.

తెలుసుకోవడానికి బీరువాలో మిగిలిన ముక్కలన్నీ పనికొచ్చాయి. ఎడమవైపు డాట్లు, అంటే ఎత్తు కోసం వేసే మడత కుట్లు, లేకుండా కోస్తే మెడ తెరుచుకుంది. భుజం లాగితే వీపున ముడతలు పడ్డాయి. ఒక ముక్క పాడైతే ఇంకొకటి తీశాను, ఇంటూ గుర్తున్నవి ముందు అయిపోయాయి. పాడైనవాటిని చింపి మసిగుడ్డలు చేశాను. కుడి ముందు భాగాన్ని ఎడమ మీదికి కొంచెం వాలుగా తెచ్చి, హుక్కుల వరస పక్కకు జరిపితే అప్పుడు కుదిరింది. ఎడమ చంకకు పాత చీర మెత్తటి పొర రెండు వరసలు వేశాను. వదిన దగ్గర నుంచి వెనక్కి తెచ్చుకున్న ఆకుపచ్చ జాకెట్టును పక్కలు పట్టించి పని చేసే ఆమెకు ఇచ్చేశాను. దానికి ఇక ఆమే మనిషి.

వదినకు ఫోన్ చేసి అయిందని చెప్పాను. పంపించనని కూడా చెప్పాను. వచ్చి వేసుకోవాలి.

రెండు రోజులు చూశాను. మూడో రోజు మధ్యాహ్నం ఆటో ఆగింది. ఆమె దిగింది, కొంగు రెండు భుజాల మీదే ఉంది. దుకాణంలోకి వచ్చాక నేను షట్టరు సగం దించాను. జాకెట్టు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను మిషన్ మీద ఊరికే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆమె సరిపోలేదని మళ్లీ కొంగు కప్పుకుని వెళ్లిపోతే నా దగ్గర ఇంకో ఉపాయం లేదు. భయపడ్డాను. అది దాచను.

వచ్చింది. కొంగు ఒక్క భుజం మీదే వేసుకుంది. అద్దం ముందు నిలబడి ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది. తన ఎడమవైపు చేత్తో ఒకసారి నిమురుకుంది. మచ్చ ఉన్నచోట మచ్చే, చదునైన చోట చదునే. బట్ట మాత్రం ఎక్కడా ఖాళీగా నిలబడలేదు. నేను ఆమె నోటి మాట కోసం చూస్తున్నాను. కళ్లకద్దుకుంటుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను.

ఆమె చేతులు రెండూ పైకెత్తి దించింది. మొహం చిట్లించింది.

"ఎడమ చంక కింద పట్టేస్తోంది వదినా. సాయంత్రానికి చెయ్యి ఇంకా వాస్తుంది. ఇలా అయితే ఎలా వేసుకోను? విప్పి కుట్టు. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటా."

కొంగు సర్దుకుని స్టూలు లాక్కుని కూర్చుంది. విప్పడమంటే నాకు చచ్చేంత చిరాకు. విప్పమన్న గిరాకీలను తిట్టని రోజు లేదు. ఆ మధ్యాహ్నం ఆమె ఎదురుగా కూర్చుని ఏదో చెబుతూనే ఉంది, నేను బ్లేడు పట్టుకుని ఒక్కొక్క కుట్టూ ఊడదీస్తున్నాను. ఇంకో నాలుగు వంకలు పెడితే బాగుండు అనిపించింది.